దండెం మీద మగదిక్కు

తేనెటీగలు నిండిన చొక్కాను మగమనిషి కింద జమకట్టవచ్చని నూకలపేట పురపాలక సంఘంలోని మగదిక్కు విభాగం ఒప్పుకోవడంతో, నాంచారమ్మ ఇల్లు మళ్ళీ మగదిక్కున్న ఇళ్ళలో చేరింది. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ వింతగా తోచలేదు. మునగపూత కాలంలో ఇలాంటివి మామూలేననీ, పోయినేడు చేపల వీధిలో ఒకావిడకు గాలి నిండిన లుంగీ మీదనే గడువిచ్చారనీ చెప్పుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

మగదిక్కు విభాగం చేసే పని అందరికీ తెలిసిందే. ఏ ఇంట్లోనైనా మగమనిషి లేకుండా పోతే, ఆ ఇంటిని పక్కనున్న మగవాడి ఇంట్లో కలిపేస్తారు. మధ్య గోడ తీసేసి, వీధి తలుపుకు అడ్డంగా ఇటుకలు పేరుస్తారు. ఇంటావిడను కూడా సామానుతో పాటే అప్పగిస్తారు. ఇది ఆడవాళ్ళ క్షేమం కోసం పెట్టిన ఏర్పాటు గనక ఆడవాళ్ళను అడగవలసిన పని లేదు. వీధి చివర పిచ్చమ్మగారి ఇల్లు అలా కలిసిపోయినదే. ఇప్పుడు ఆవిడ తన వంటింట్లోకి వెళ్ళాలంటే తలుపు కొట్టాలి. లోపలివాళ్ళు "ఎవరూ?" అంటే పేరు చెప్పాలి. "ఏం పనీ?" అంటే పని చెప్పాలి. ఒక్కోసారి ఆ పనేమిటో గుర్తు రాక ఆవిడ గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వచ్చేస్తుంది.

నాంచారమ్మకు రాత్రిళ్ళు కలలో ఆ తలుపు చప్పుడే వినిపించేది.

ఆవిడ భర్త రంగనాయకులు పోయి కొన్నేళ్ళయింది. పిల్లలు లేరు. ఉన్నదల్లా రెండు గదుల ఇల్లు, వెనక పెరడు. పెరట్లో మునగచెట్టు, నిమ్మచెట్టు, కరివేపాకు, పందిరి మీద బీరపాదు, నీళ్ళ తొట్టి పక్కన నందివర్ధనం. రంగనాయకులు బతికుండగా పళ్ళు తోముకోవడానికి తప్ప పెరట్లోకి వచ్చి ఎరగడు. అందుకని ఆయన పోయిన తర్వాత కూడా ఆ పెరట్లో ఎవరూ తగ్గినట్టు ఉండేది కాదు. పక్కిల్లు మరిది గోవిందరాజులుది. మధ్య గోడ తీసేస్తే మునగచెట్టు ఉన్న చోట కారు పెట్టుకోవచ్చని అతను ఎప్పుడో అడుగులేసి చూసుకున్నాడు. కారు ఇంకా కొనలేదు.

మగదిక్కు లేని ఆడవాళ్ళంతా చేసే పనే నాంచారమ్మా చేసేది. భర్త చొక్కా ఒకటి రోజూ ఉతికి, గంజి పెట్టి, వీధిలోంచి కనబడేలా దండెం మీద ఆరేసేది. దొంగలకూ, అద్దెకు గది ఉందా అని వచ్చేవాళ్ళకూ, విభాగం వాళ్ళకూ ఇంట్లో ఎవరో ఉన్నారన్న అనుమానం కలిగితే చాలు. తనిఖీకి వచ్చినవాళ్ళు చొక్కాను పట్టి చూసేవారు. తడిగా ఉంటే "బయటికెళ్ళారేమో" అనుకుని వెళ్ళిపోయేవారు. ఎవరూ తొడగని చొక్కాను అన్నేళ్ళు ఉతకడం వల్ల చొక్కా వెలిసిపోయింది గానీ అనుమానం వెలిసిపోలేదు. అయితే ఈ ఏడు తడి చాలదనీ, మనిషి కనబడాలనీ విభాగం కబురు పంపింది. ఆ కబురు గోవిందరాజులే తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి, "నీ మంచికే వదినా," అన్నాడు.

తనిఖీకి ముందురోజు రంగనాయకులు తద్దినం. గోవిందరాజులే పెట్టాడు. పెట్టి, భోంచేసి, చెయ్యి తుడుచుకుంటూ మునగచెట్టు చుట్టూ మరోసారి అడుగులేశాడు. నాంచారమ్మ పరమాన్నానికి బెల్లం పాకం పట్టిన గిన్నెను కడగడం మరిచి, అందులోకే గంజి వార్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోయేదే. కానీ తద్దినం పూట వండిన దేన్నీ వాసన చూడకూడదు. చిన్నప్పటి నుంచీ ఉన్న ఆ కట్టుబాటు ప్రకారం ఆవిడ మొహం పక్కకు తిప్పుకునే ఆ గంజిలో చొక్కా ముంచి, పిండి, దండెం మీద వేసింది.

మర్నాడు పొద్దున, ఎండ ఇంకా లేతగా ఉండగా, పెరటి మీదికి గోధుమరంగు పొగలాంటిది దిగింది. దానికి తంబురా శ్రుతి లాంటి చప్పుడు ఉంది. పొగ మునగపూత మీదుగా నెమ్మదిగా తిరిగి, పందిరి దాటి, దండెం దగ్గర ఆగింది. నాంచారమ్మ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. తేనెటీగలు చొక్కా మెడలోంచీ చేతుల్లోంచీ ఒక్కొక్కటిగా, తోపులాట లేకుండా లోపలికి వెళ్ళాయి. భుజాలు నిండాయి. ఛాతీ నిండింది. పొట్ట దగ్గర బొత్తాలు కొంచెం బిగిశాయి. రంగనాయకులుకీ అక్కడ అలాగే బిగిసేవి. రాలిన మునగపూలు ఆ భుజాల మీద పడి, కాసేపు ఉండి, జారిపోయాయి.

ఇన్‌స్పెక్టర్ దైవాధీనం గొడుగుతో వచ్చాడు. వెంట గోవిందరాజులు ఉన్నాడు. గోడ పగలగొట్టేవాళ్ళు గునపాలతో వీధిలోనే నిలబడ్డారు.

"ఇంట్లో మగవాళ్ళెవరమ్మా?" అన్నాడు దైవాధీనం.

"ఎవరున్నారండీ, మా అన్నయ్య పోయాక..." అని గోవిందరాజులు అందుకునేలోపే ఇన్‌స్పెక్టర్ చూపు దండెం మీద పడింది. అతను గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, దగ్గరికి వెళ్ళి, మర్యాదగా వంగి నమస్కారం పెట్టాడు. చొక్కా జుమ్మంది.

"ఏమంటున్నారు?"

"ఆయన ఎప్పుడూ ఏమీ అనేవారు కాదండీ," అంది నాంచారమ్మ.

"అయితే ఆయనే."

"అవి తేనెటీగలండీ బాబూ!" అన్నాడు గోవిందరాజులు.

"మీరు లోపల చూశారా?"

"చూడబోతే కుట్టవుటండీ?"

"మగాడన్నాక ఆ మాత్రం కోపం ఉండదా?" అని దైవాధీనం బొత్తాల వరస పై నుంచి కిందికి చూసి, రాసుకోవలసింది రాసుకున్నాడు. పోతూ పోతూ నాంచారమ్మతో, "ఎండ పొడ ఎక్కువ తగలనివ్వకమ్మా. పెద్దవారు," అన్నాడు. గునపాల వాళ్ళు ఇంకో వీధికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే వీధిలోని ముత్తయిదువలు పసుపూ కుంకుమా గాజులూ పట్టుకుని వచ్చారు. మొగుడు తిరిగొచ్చినావిడను బోసిగా ఉంచడం వీధికి మంచిది కాదు. రంగనాయకులు పోయినప్పుడు గాజులు తీసినవాళ్ళే ఇప్పుడు వేశారు. అప్పుడు ఎంత పనితనంగా తీశారో ఇప్పుడు అంత పనితనంగానూ వేశారు. నాంచారమ్మ రెండు చేతులూ చాపి కూర్చుంది. తోడికోడలు వకుళ బొట్టు పెడుతూ, "అదృష్టవంతురాలివి అక్కయ్యా. మా ఆయన ఎదురుగా కూచున్నా ఇంత చప్పుడు చెయ్యరు," అంది.

"పొట్ట తగ్గలేదే బావగారికి!" అంది ఇంకొకావిడ. అందరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

అప్పటి నుంచి ఇంటికి వచ్చేవాళ్ళు నాంచారమ్మను దాటి తిన్నగా పెరట్లోకి వెళ్ళేవారు. పాలవాడు పాలలో నీళ్ళెక్కువయ్యాయేమోనని చొక్కాకు సంజాయిషీ చెప్పుకున్నాడు. నాంచారమ్మ అన్నేళ్ళు అడిగినా అతను నవ్వి ఊరుకునేవాడు. వీధి కుళాయి దగ్గర ఆవిడ బిందెకు వరస వచ్చింది. కరెంటు వాళ్ళు స్తంభం మీద ఊగులాడుతున్న తీగను చొక్కా ఒకసారి జుమ్మనగానే బిగించి వెళ్ళారు. గోవిందరాజులు కూడా ఒకరోజు నూనె రాసి దువ్వుకుని వచ్చి, దండెం ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఆ గోడ సంగతీ... నువ్వు ఊఁ అంటేనే. లేకపోతే లేదు."

చొక్కా జుమ్మంది.

"సరే, సరే. కోప్పడకు," అని అతను వెనక్కి నడుస్తూ వెళ్ళిపోయాడు. గోడ గురించి అతను నాంచారమ్మను ఎన్నడూ అడగలేదు. అడగకపోయినా ఆవిడ కాదంది. రెండు మూడు సార్లు గట్టిగానే కాదంది. అవన్నీ అతనికి ఇంట్లో గిన్నెలు కదిలిన చప్పుడులాగే వినిపించాయి.

మధ్యాహ్నాలు మాత్రం పెరడు ఇద్దరిదే. నాంచారమ్మ బట్టలుతికే బండ మీద కూర్చుని బీరకాయలు తరుగుతూ మాట్లాడేది. కొత్త కాపురంలో తనకు పుట్టినూరి మీద బెంగ పుట్టిన సంగతీ, ఆ బెంగ ఎవరికీ చెప్పకుండా నందివర్ధనం కొమ్మ తెచ్చి నాటుకున్న సంగతీ రంగనాయకులుకు చెబుదామనుకుని చెప్పనే లేదు. ఇప్పుడు చెప్పింది. చొక్కా అదే పనిగా విన్నది. మధ్యలో చుట్ట కాల్చుకోవడానికి లేచిపోలేదు. చెప్పడం అయిపోయాక చొక్కా అంచు నుంచి ఒక తేనె చుక్క సాగి, సాగి, బండ మీద పడింది. ఎండలో అది చాలాసేపు వెలిగింది. ఆవిడ దాన్ని వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. మునగపూల చేదు కొంచెం తగిలింది. అలా కూర్చున్నచోటే కునుకు పట్టేది. కునుకులో పెరడంతా పల్చటి తేనెలో మునిగినట్టూ, అందులో తను కాళ్ళాడిస్తూ తేలుతున్నట్టూ ఉండేది. తలుపు కొట్టే కల రావడం మానేసింది.

గోవిందరాజులు ఊరుకోలేదు. వ్యవసాయం చదువుకున్న వాళ్ళను ఎవరినో అడిగి వచ్చి, విభాగంలో అభ్యంతరం పెట్టాడు. నిజానిజాలు తేల్చడానికి దైవాధీనం మళ్ళీ వచ్చాడు.

"ఆ చొక్కాలో ఉన్నవన్నీ ఆడవేనటండీ," అన్నాడు గోవిందరాజులు. "గూడు కట్టేదీ, తేనె తెచ్చేదీ, కాపలా కాసేదీ, అంతా ఆడవే. మగవి ఉంటే ఉంటాయిట గానీ, తిని కూచుంటాయిట. ఆ లెక్కన ఆ ఇంట్లో ఉన్నది మగదిక్కు కాదు. మా వదినా, ఇంకో వెయ్యి మంది ఆడవాళ్ళూను."

దైవాధీనం చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఈ మాట ఇంకెక్కడా అనకండి. లోపల పని చేసేది ఎవరని చూడ్డం మొదలెడితే ఊళ్ళో సగం ఇళ్ళు కలిపెయ్యాలి. మీ ఇంటితో సహా."

"మా ఇంట్లో నేను లేనుటండీ?"

"ఉన్నారు. చొక్కా తొడుక్కుని ఉన్నారు. మా రూలు ప్రకారం చూడవలసినవి రెండే. చొక్కా నిండిందా, చప్పుడు చేస్తోందా. అంతే. లోపల ఎవరున్నారో చూడమని ఎక్కడా లేదు."

అభ్యంతరం కొట్టేశారు.

కానీ తేనెటీగలు ఒకచోట ఆగేది ఇంకోచోటికి పోవడానికే. ఆ సంగతి నాంచారమ్మకు ఎవరూ చెప్పలేదు. మునగపూత రాలి పిందె పడే వేళకు చొక్కా నిలకడగా ఉండడం మానేసింది. భుజం దగ్గర వదులయ్యేది. కొన్ని ఈగలు పోయి, వచ్చి, మెడ పట్టీ మీద ఏదో చిందులాడేవి. నాంచారమ్మ పళ్ళెంలో నీళ్ళు పెట్టింది. బెల్లం పెట్టింది. "ఇంకాస్త ఉండండి, నిమ్మ పూస్తుంది," అని బతిమాలింది. భర్తను ఆవిడ దేనికీ అంతగా బతిమాలలేదు.

ఒక పొద్దున్నే జుమ్మనే చప్పుడు పెద్దదై, చొక్కా ఒక్కసారి ఊపిరి విడిచినట్టు జారిపోయింది. గోధుమరంగు పొగ లేచింది. అది ఇంటి మీదుగా, వీధి మీదుగా, ఎండలో పల్చబడుతూ సాగింది. నాంచారమ్మ కింద వీధి వెంట పరిగెత్తింది. చేతుల గాజులు గలగలమంటున్నాయి. వీధిలో వాళ్ళు గాజుల చప్పుడుకు తలుపులు తీసి, మొదట ఆవిడను చూసి, తర్వాత పైకి చూశారు. పొగ కాలవ దాటి, అవతలి తాటితోపుల మీద ఒక మరకలా ఉండి, అదీ లేకుండా పోయింది.

"మళ్ళీ పోయాడా, పాపం!" అంది ఎదురింటావిడ.

"రేపు పొద్దున్నే వస్తాం నాంచారమ్మా. నీళ్ళు కాచి ఉంచు," అంది గాజుల పని చేసే పెద్దావిడ. ఆవిడ గొంతులో కాఠిన్యమేమీ లేదు. ఎలా వేశామో అలా తియ్యాలి, అంతే. గోవిందరాజులు అప్పటికే చెప్పులు తొడుక్కుని విభాగానికి బయలుదేరాడు.

మర్నాడు పొద్దున అందరూ ఒకేసారి వచ్చారు. ముందు దైవాధీనం, ఆ వెనక గోవిందరాజులు, వకుళ, పళ్ళెంతో పెద్దావిడా మిగతా ఆడవాళ్ళూ. వీధిలో గునపాలు రాళ్ళకు తగిలిన చప్పుడు అయింది. నాంచారమ్మ ఆ చప్పుడు పెరట్లోంచి వింది. దండెం మీద చొక్కా పల్చగా వేలాడుతోంది. ఆవిడ దాన్ని తీసింది. లోపల ఇంకా వెచ్చగా ఉంది. మెడ దగ్గర చిన్న మైనపు రేకు అంటుకుని ఉంది. తేనె వాసన వేసింది. తద్దినం నాడు కాదు గనక ఆ వాసనను ఆవిడ కడుపునిండా పీల్చింది. గాజులు తీసి తొట్టిలో వేసి, చీర మీదనే చొక్కా తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, రెండు చేతులతో దండెం పట్టుకు నిలబడింది.

దైవాధీనం వచ్చి ఆగాడు. చొక్కా నిండి ఉంది. అతను గొడుగు ముడిచి, వంగి నమస్కారం పెట్టి, వేచి చూశాడు.

నాంచారమ్మ పెదాలు మూసుకుని, గొంతులోంచి జుమ్మంది.

"ఉన్నారుగా మరి," అన్నాడు దైవాధీనం, గోవిందరాజులు వైపు విసుగ్గా తిరిగి. "మాటిమాటికీ నా చేత పెద్దమనిషికి దండాలు పెట్టిస్తారు."

గోవిందరాజులు చాలాసేపు చూశాడు. అతని చూపు చొక్కా మెడ దాకా వచ్చి, అక్కడి నుంచి పైకి పోవడానికి దారి లేనట్టు ఆగిపోయింది. "అన్నయ్యా, ఏమీ అనుకోకు," అన్నాడు చివరికి. వకుళ మాత్రం నాంచారమ్మ మొహంలోకే తిన్నగా చూసింది. చూసి, "బావగారు కాస్త చిక్కారు," అంది. పళ్ళెం తెచ్చినావిడ పరాయి మగవాడి ముందు నిలబడలేక కొంగు భుజం మీదికి లాక్కుని గుమ్మం అవతలికి తప్పుకుంది.

"ఇంటావిడ ఏరీ?" అన్నాడు దైవాధీనం.

నాంచారమ్మ జుమ్మంది.

"పుట్టింటికెళ్ళి ఉంటుంది," అంది వకుళ. అదే రాసుకున్నారు.

పుట్టింటి నుంచి ఆవిడ తిరిగి రాలేదు గనక కొన్నాళ్ళకు ఆ పేరు తీసేశారు. దానివల్ల ఇంటికి ఏమీ కాలేదు. మగవాడు లేని ఇల్లు విభాగం దృష్టిలో ఖాళీ స్థలం. ఆడది లేని ఇల్లు మాత్రం ఇల్లే. పైగా దానికి సానుభూతి కూడా దొరుకుతుంది. ఒంటిమగాడు ఏం వండుకుంటాడని వకుళ రోజూ అన్నం, పప్పు, ఒక పచ్చడి గోడ మీదుగా అందించేది. నాంచారమ్మగా ఉన్న రోజుల్లో జ్వరమొచ్చి పడుకున్నా గోడ మీదుగా ఏదీ వచ్చేది కాదు. పంచాయితీలకు పిలుపులొచ్చేవి. నాంచారమ్మ వెళ్ళి, కుర్చీలో కూర్చుని, జుమ్మని వచ్చేది. ఆ చప్పుడును ఎవరికి కావలసినట్టు వాళ్ళు అర్థం చేసుకుని సంతోషంగా ఇళ్ళకు వెళ్ళేవారు. మాటలు అవసరం పడకపోవడంతో ఆవిడ నెమ్మదిగా మాటలు మరిచింది. అది బాధగా కూడా ఏమీ లేదు. నిద్రలోకి జారుతున్నప్పుడు చెయ్యి తిమ్మిరెక్కినట్టు ఉండేది.

నిమ్మచెట్టు పూతకు వచ్చే వేళకు వకుళ ఒక సంబంధం తెచ్చింది.

"ఇలా ఎన్నాళ్ళు బావగారూ? ఇంట్లో దీపం పెట్టే దిక్కుండద్దూ?" అంది. "పిల్ల పేరు అలివేలు. మొగుడు పోయాడు. దాని ఇంటిని వాళ్ళన్న ఇంట్లో కలిపేశారు. ఒద్దికైన మనిషి."

నాంచారమ్మ గట్టిగా జుమ్మంది. "ఒప్పుకున్నారు," అని వకుళ వీధిలో చెప్పింది.

అలివేలును పెరట్లోకే తెచ్చి చూపించారు. నలభై దాటిన మనిషి, తల వంచుకుని నిలబడింది. అడగవలసినవి ఏమైనా ఉంటే అడగమన్నారు.

"కొడతారా?" అంది అలివేలు.

"ఛ, ఛ," అంది వకుళ.

"తాగుతారా?"

"తేనె. అదీ అప్పుడప్పుడు."

"నేను వంటింట్లోకి వెళ్ళాలంటే తలుపు కొట్టాలా?"

అలివేలు అప్పుడు తలెత్తింది. ఆవిడ చూపు చొక్కా మెడ దగ్గర ఆగలేదు. పైకి వచ్చింది. మొహం మీద కాసేపు నిలిచి, చేతుల మీదికి దిగి, మణికట్టు చుట్టూ గాజులు ఒరుసుకున్న గీతల దగ్గర ఆగింది. నాంచారమ్మ చేతులు దాచుకోలేదు. గోడ మీద ఉడుత ఒకటి వాళ్ళిద్దరినీ చూసి వెళ్ళిపోయింది.

"నాకు ఇష్టమేనండి," అంది అలివేలు. "చొక్కా ఉందిగా. చాలు."

పెళ్ళి విభాగంలోనే అయింది. దైవాధీనం సాక్షి సంతకం పెట్టాడు. గోవిందరాజులు అన్నయ్యకు పంచెలచాపు పెట్టాడు.

కాపురానికి వచ్చిన మర్నాడు అలివేలు పెరడంతా తిరిగి చూసింది. కరివేపాకు చెట్టు మొదట్లో కలుపు తీసింది. నందివర్ధనం పూలు ఒళ్ళో వేసుకుని బండ మీద కూర్చుని కట్టింది. నాంచారమ్మ తొట్టి గట్టు మీద కూర్చుని చూస్తోంది. ఎండ మెత్తగా ఉంది. ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

"పెరడు ఎంత బాగా పెంచిందండీ ఆవిడ!" అంది అలివేలు, దండ ముడి వేస్తూ. "మీ మొదటావిడ. పేరేమిటండీ ఆవిడది?"

నాంచారమ్మకు చెప్పాలనే ఉంది. నోరు తెరిచింది. జుమ్మని వచ్చింది. గొంతు సవరించుకుని మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే వచ్చింది.

అలివేలు కాసేపు చెవి ఒగ్గి వింది.

"పోన్లెండి," అంది మెల్లగా, పూలు పక్కన పెట్టి లేస్తూ. "నా పేరు కూడా మా వీధిలో ఎవరికీ తెలీదు."